నాలుగో బెర్తు

ఒకటి. భరణి కార్తె

వచ్చే ఏడాది ఓడ ఎంచుకునేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఏటా ఇదే గోల. చైత్రం వెళ్ళగానే మా వీధివాళ్ళు ఒక్కొక్కరూ నా గుమ్మమెక్కి, "మాణిక్యం గారూ, ఈసారి ఏ ఓడ మంచిదండీ?" అని మొదలుపెడతారు. నేనేమైనా ఓడలు తయారుచేసేదాన్నా? అయినా చెప్తాను. చెప్పకపోతే నాకే తోచదు. ఈసారి అన్నీ కాగితం మీద పెట్టేస్తే నా గొంతుకి కాస్త విశ్రాంతి.

రోహిణి కార్తె రాకముందే కాకినాడ ఖాళీ అయిపోవాలి. రోహిణి ఎండలకి రోళ్ళు పగులుతాయని మా అమ్మమ్మ కాలంలో మాటవరసకి అనుకునేవారట. ఇప్పుడు మాటవరసకి ఏమీ మిగల్లేదు. కార్తె మొదలైన రోజున కరెంటు తీసేస్తారు, నీళ్ళు ఆపేస్తారు, రేవు మూసేస్తారు. మృగశిరలో వాన పడేదాకా ఊరు మూతే. ఓడ దొరకనివాళ్ళు మన్యం కొండల్లో తవ్విన సొరంగాల్లోకి పోతారు. అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు దాని గురించి మాట్లాడరు, మనమూ అడగం.

ఓడ కంపెనీలు మాత్రం సిగ్గులేకుండా దీన్ని ఇంకా 'కుటుంబ విహారం' అనే పిలుస్తున్నాయి. రంగురంగుల పుస్తకాలు పంపిస్తారు. వాటిలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న మొగుడూ పెళ్ళాం, వాళ్ళ చేతుల్లో కొబ్బరిబోండాలు.

ఈసారి మా వంతుకి రెండు ఓడలు మిగిలాయి. ఒకటి హేమంతం, రెండోది మత్స్యకన్య. హేమంతం ముసలాళ్ళ ఓడ. అందులో డాక్టర్లు ఎక్కువ, కబుర్లు తక్కువ. పొద్దున జావ, రాత్రి జావ. మత్స్యకన్యలో నీళ్ళ జారుడుబల్ల ఉంది, పిల్లలు ఆడుకునే మంచు హాలుంది, సాయంత్రం నాటకాలున్నాయి. మా హిమ ఎప్పుడో తేల్చేసింది. దానికి ఎనిమిదేళ్ళు. వాళ్ళ క్లాసులో నలుగురు హిమలు, ఇద్దరు తుషారలు. పిల్లకి చల్లటి పేరు పెట్టడం తప్ప ఇంకేం చేయగలం?

"మా క్లాసువాళ్ళందరూ మత్స్యకన్యే అమ్మా. జావ ఓడ ఎక్కితే నేను సముద్రంలో దూకేస్తా."

మా ఆయన నూకరాజు ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటులో పనిచేస్తాడు. ఏదడిగినా ఒకటే జవాబు. "నీ ఇష్టమే."

నేను ఊరికే నమ్మే మనిషిని కాదు. నిరుడు మత్స్యకన్య ఎక్కినవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాను. ముద్దపప్పులో నెయ్యి వేస్తారా, బాత్రూములో బకెట్టూ చెంబూ ఉంటాయా, పక్క గదుల్లో మనవాళ్ళే ఉంటారా, ఆవకాయ జాడీ వెంట తెచ్చుకోనిస్తారా, అన్నీ అడిగాను. అన్నింటికీ మంచి జవాబులే వచ్చాయి.

రెండు. కృత్తిక కార్తె

ఇంకో చిక్కొచ్చిపడింది. మత్స్యకన్యలో గదికి నాలుగు బెర్తులు. నిరుటిదాకా మా అత్తయ్యతో కలిపి నలుగురం ఉండేవాళ్ళం. ఆవిడ మాఘమాసంలో పోయారు. ఇప్పుడు ముగ్గురం. ముగ్గురు కలిసి గడప దాటకూడదని ఎవరికి తెలియదు?

"దానికింత బెంగెందుకే? ఓ రాయి జేబులో వేస్కుందాం," అన్నాడు మా ఆయన. "మా నాన్న అలాగే చేసేవోడు. రాయితో నలుగురం."

"రాయికి బెర్తు కొంటారా? ఖాళీగా ఉంటే ఎవడో ముక్కూమొహం తెలియనివాణ్ణి తెచ్చి అందులో పడుకోబెట్టినా పడుకోబెడతారు. ఇంట్లో ఆడపిల్లుంది."

"అయితే నీ ఇష్టమే."

చూశారా, మళ్ళీ అదే.

మా ఎదురింట్లో తాయారమ్మ పిన్నిగారు ఒక్కరే ఉంటారు. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. మా హిమకి అన్నం తినిపించింది సగం ఆవిడే. ఏటా హేమంతంలోనే వెళ్తారు, ఎప్పుడూ అదే గది. సున్నుండల డబ్బా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి ఆవిడ కొత్తావకాయ జాడీ మూతికి గుడ్డతో వాసెన కడుతున్నారు. ఊరు మూతపడే ముందు మా వీధిలో అందరం జాడీలు పెరట్లో ఇసుకలో లోతుగా పాతేసి వెళ్తాం. లేకపోతే తిరిగొచ్చేసరికి నూనె మాడు వాసన కొడుతుంది.

"ఈసారి మాతో రండి పిన్నిగారూ. నాలుగో బెర్తు మీదే."

ఆవిడ చేతులు జాడీ మీద ఆగిపోయాయి. "హేమంతంలో చెప్పేశానమ్మాయ్."

"రద్దు చేయించండి. ఆ దగ్గులూ మూలుగుల మధ్య ఏముంటారు? హిమకి కూడా మీరంటే ప్రాణం."

"అదీ నిజమేలే..."

"మీకు ఇబ్బందైతే వద్దులెండి," అన్నాను.

అనకుండా ఉండాల్సింది అదే. మనవాళ్ళని కట్టిపడెయ్యడానికి తాడక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు.

"అయ్యో, నాకేం ఇబ్బందమ్మా! ఇంత ప్రేమగా పిలిస్తే!" అన్నారు పిన్నిగారు.

రేవు ఆఫీసులో ఓడ మారేవాళ్ళని విడిగా గదిలోకి పిలిచి అడుగుతారు, ఎవరి బలవంతమైనా ఉందా అని. నేను తలుపు బయటే నిలబడ్డాను. "నా ఇష్టంతోనే నాయనా," అన్న ఆవిడ గొంతు స్పష్టంగా వినిపించింది. నాకు భలే సంతోషమేసింది. నలుగురం అయ్యాం.

మూడు. రోహిణి మొదలు

ఓడ బాగుంది. రాసేది మీకోసం కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. బకెట్టూ చెంబూ ఉన్నాయి. పప్పులో నెయ్యి చేతికి తగులుతోంది. హిమ జారుడుబల్ల మీంచి దిగితే ఒట్టు.

పిన్నిగారు మెట్ల దగ్గర రెండుమూడు చోట్ల ఆగుతున్నారు. ఆయాసమా అంటే, "కొత్త మెట్లు కదమ్మా, అలవాటవ్వాలి," అంటారు. మధ్యాహ్నం పిల్లల్ని మంచు హాలుకి తీసుకెళ్ళడం ఆవిడ పని. నేనొకసారి వెళ్ళి చూస్తే, ఓ మూల బల్ల మీద కూర్చుని, మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని ఉన్నారు.

"ఏంటి పిన్నిగారూ, తపస్సా?"

ఆవిడ ఉలిక్కిపడి నవ్వారు. "పిల్లల్ని చూసుకుంటున్నానమ్మాయ్."

కళ్ళు మూసుకుని పిల్లల్నెలా చూస్తారని వేళాకోళం చేసి వచ్చేశాను.

నాలుగు. రోహిణి, మొదటి పాదం దాటాక

చలి మిషన్లు రెండిట్లో ఒకటి ఆగిపోయింది.

గోడలోని స్పీకరులో ఒకావిడ తేనెలాంటి గొంతుతో చెప్పింది. "ప్రియమైన అతిథులారా, మీ విహారానికి చిన్న అంతరాయం. గదుల్లో చల్లగాలి తాత్కాలికంగా నిలిపివేయబడింది. అందరూ వంతులవారీగా మంచు హాలును ఆనందించగలరు."

ఆనందించాలట!

మా ఆయన మిషన్ గదిలోకి వెళ్ళి మనవాళ్ళెవరో ఉంటే మాట్లాడి వచ్చాడు. ఆ మిషను మా అత్తయ్య వయసుదట. నిరుడు కూడా మొరాయించిందట, పైపైన అతుకేసి నడిపించేశారట. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది, వాళ్ళ మీద కాదు, నా మీదే. నెయ్యి గురించి అడిగాను. చెంబు గురించి అడిగాను. ఇల్లిల్లూ తిరిగిన దాన్ని, చలి మిషను ఎన్నేళ్ళదని ఒక్కరినీ అడగలేదు. మీరు అడగండి. అందుకే రాస్తున్నాను.

వెనక్కి పోదామంటే రేవు మూత. ఇంకా దక్షిణానికి పోదామంటే ఈ ఏడాది సముద్రం ఎంత దూరం పోయినా గోరువెచ్చగానే ఉందట. గాలి లేదు. ఒంటిమీద చెమట ఆరదు. ఆరకపోతే ఒళ్ళు లోపల్నుంచి ఉడుకుతుందని స్కూల్లో పిల్లలకి కూడా చెప్తారు.

బెర్తుకొక ఇత్తడి బిళ్ళ ఇచ్చారు. రోజుకి బిళ్ళకొక వంతు, గంట కొట్టేదాకా మంచు హాల్లో కూర్చోవచ్చు. మాకు నాలుగు బిళ్ళలొచ్చాయి. ఖాళీ బెర్తున్న గదుల వాళ్ళు మా వంక చూసిన చూపు నాకు తెలుస్తూనే ఉంది. ముందుచూపున్నదాన్ననుకున్నాను, సిగ్గులేకుండా.

ఐదు. రోహిణి, అదే వారం

హిమ మూడుసార్లు వాంతి చేసుకుంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఓడలో ఉన్న ఒక్క డాక్టరమ్మ నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉంది.

"పాపకి ఒక వంతు చాలదండి. రోజుకి రెండు పడాలి. లేకపోతే నేనేం చెప్పలేను," అంది.

"మరి పెద్దవాళ్ళకి?"

"ఒకటి తప్పనిసరి. అది కూడా మానేస్తే మహా అయితే పది రోజులు. ముసలివాళ్ళైతే అంత కూడా కాదు."

మా ఆయన ఆ రోజు తన బిళ్ళ హిమకిచ్చేశాడు. పొద్దువాలేసరికి బాత్రూములో పడిపోయాడు, నాలుక తిరగలేదు. పక్క గదివాళ్ళు సాయం పట్టి మంచు హాలుకి మోసుకెళ్తే, కాపలావాడు జాలిపడి బిళ్ళ లేకుండా లోపలికి వదిలాడు. ఇంకోసారి వదలనని కూడా చెప్పాడు.

నేను నా బిళ్ళ ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు. ఇద్దరం పడిపోతే పిల్లని చూసేదెవరని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. నాకు భయమేసిందన్నదీ నిజమే.

అప్పుడు పిన్నిగారు తన బిళ్ళ తీసి హిమ దిండు మీద పెట్టారు.

"నాకు చల్లగాలి పడదమ్మాయ్. హాల్లో కూర్చుంటే కీళ్ళు పట్టేస్తున్నాయి. ఎవరికీ పనికిరాకుండా పోయేకంటే పిల్లకి వాడండి."

మీరూ వినే ఉంటారు ఈ మాట. మా అత్తయ్యా అనేవారు, మా అమ్మా అనేది. ఫ్యాను కింద చోటు తక్కువైనప్పుడల్లా మా ఇంట్లో పెద్దవాళ్ళకి గాలి పడేది కాదు. నేను నమ్మాను. నమ్మితే నాకు సుఖం కాబట్టి నమ్మాను.

"మరి మీరు ఈ ఉక్కలో ఎలా ఉంటారు పిన్నిగారూ?"

"చీర తడిపి చుట్టుకుంటాను. ఎండ చూడని ఒళ్ళా ఇది? పాత రోహిణులన్నీ చూసినదాన్ని."

ఆరు. రోహిణి, తర్వాతి వారం

హిమ కోలుకుంటోంది. ఇవాళ ఉప్మా అడిగింది. సగం తిని పారేసింది, అయినా అడిగింది కదా, అదే పదివేలు.

కింది అంతస్తులో దుప్పట్లో చుట్టి ఒకరిద్దర్ని తీసుకెళ్తుంటే చూశాను. స్పీకరులో ఆవిడ ఇవాళ సాయంత్రం హాస్యనాటిక ఉందని చెప్పింది. ఆ స్పీకరుని చెప్పుతో కొట్టాలనిపించింది.

పిన్నిగారు పడుకునే ఉంటున్నారు. తడి చీర నిమిషంలో వేడెక్కిపోతోంది. సముద్రపు నీళ్ళతో తడపడం వల్ల మెడ దగ్గర ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. నేను మంచినీళ్ళతో తుడుస్తుంటే, "ఎందుకమ్మా నీకీ శ్రమ," అంటూ నా చెయ్యి తోసేస్తున్నారు. ఆ తోపులో బలం లేదు.

హాలు నుంచి వచ్చాక హిమ తల దువ్వుతున్నాను. మా ఆయన నిద్రపోతున్నాడు, పిన్నిగారు గోడవైపు తిరిగి ఉన్నారు. హిమ ఉన్నట్టుండి గుసగుసగా అడిగింది.

"అమ్మా, మామ్మ ఎందుకు రావట్లేదు హాలుకి? తనకి చలంటే అంత ఇష్టం కదా?"

"మామ్మకి చల్లగాలి పడదు."

"ఎవరు చెప్పారు? 'హేమంతంలో మంచు గదిలోనే రోజంతా కూర్చునేదాన్ని, డాక్టర్లే అక్కడ కూర్చోమనేవారు, నా గుండెకి మంచిదట' అని నాతో చెప్పింది. అందుకే ఏటా ఆ ఓడేనట."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. "ఎప్పుడు చెప్పింది?"

"ఓడ ఎక్కిన రోజే. 'మీ అమ్మతో అనకు, తను మొహమాటపడుతుంది' అంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. హిమని బయటికి పంపి పిన్నిగారి బెర్తు పక్కన కూలబడ్డాను. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"గుండె జబ్బుందని ఒక్క ముక్క చెప్పొచ్చు కదండీ! నేను రమ్మంటే రానని అనొచ్చు కదా! నోరు లేదా మీకు?"

ఆవిడ మెల్లగా ఇటు తిరిగారు. "అంత ఆశగా అడిగావు. కాదని ఎలా అంటానే?"

"ఇప్పుడేం చెయ్యమంటారు నన్ను?"

"నన్నడుగుతావేంటి? నీకు తెలుసు," అన్నారు పిన్నిగారు. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

మర్నాడు వంతుల వేళయింది. నాలుగో బిళ్ళ ఆవిడ దిండు పక్కన పెట్టాను. పెట్టి, అక్కడే కూర్చున్నాను. పిన్నిగారు దాన్ని ముట్టుకోలేదు, నా వైపు చూశారంతే. హిమకి రెండో వంతు గంట కొట్టారు. కాపలావాడు ఒక్క నిమిషం ఆలస్యమైనా తలుపు వేసేస్తాడు.

నేను ఆ బిళ్ళ తీసుకున్నాను. పిల్ల చేతిలో పెట్టి పంపాను. తెలిసే పంపాను.

ఏడు. రోహిణి చివర

తాయారమ్మ పిన్నిగారు ఇవాళ తెల్లవారుజామున పోయారు. ఆఖర్న మంచినీళ్ళడిగారు, తాగించాను. నా చెయ్యి పట్టుకుని, "పెరట్లో జాడీ ఉంది, వర్షం పడకముందే తియ్యండి, నీళ్ళు దిగితే బూజు పడుతుంది," అన్నారు. 

ఓడవాళ్ళు దుప్పటి తెచ్చారు. మా ఆయన కర్మ చేసేవాడిలా దక్షిణం వైపు తిరిగి నిలబడి తనకి తోచిన మంత్రం చదివాడు, సగంలో ఆగిపోయాడు. నేను ఒక సున్నుండ ఆవిడ చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలియదు. ఆవిణ్ణి నీళ్ళలోకి జారవిడిచారు. సముద్రం వేడిగా ఉంది, చప్పుడు కూడా పెద్దగా రాలేదు.

సాయంత్రం గుమాస్తా వచ్చి నాలుగో బిళ్ళ వెనక్కి అడిగాడు. మనిషి లేకపోతే బిళ్ళ ఉండదట. డాక్టరమ్మ అప్పటికే హిమకి ఒక వంతు సరిపోతుందని చెప్పేసింది. ఇచ్చేశాను.

ఎనిమిది. మృగశిర

వాన పడింది. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు. రేవు తెరిచారు. మెట్ల మీద జనం తోసుకుంటూ దిగుతున్నారు, కొందరు నవ్వుతున్నారు, కొందరు ఎవర్నో లెక్కపెట్టుకుంటున్నారు. పక్కనే హేమంతం కూడా ఆగి ఉంది. శాలువాలు కప్పుకున్న ముసలివాళ్ళు నిదానంగా, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని దిగుతున్నారు. అందులోంచి ఒక ముసలావిడ నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది.

"మీరు మా తాయారు ఎదురింటి వాళ్ళు కదమ్మా? ఈసారి మాతో రాలేదు, మంచు గదిలో దాని కుర్చీ ఎవర్నీ కూర్చోనివ్వకుండా అట్టిపెట్టాను. ఏదీ, ఇంకా దిగలేదా?"

మా ఆయన తల దించుకున్నాడు. చెప్పాల్సింది నేనే కాబట్టి నేనే చెప్పాను. ఆవిడ శాలువా తీసి మడిచి చంకలో పెట్టుకుని, ఆ వానలో తడుస్తూ వెళ్ళిపోయింది.

రేవు గేటు దగ్గర హిమ ఆగిపోయింది. కిందికి వంగి ఒక కంకరరాయి ఏరి, తడి తుడిచి, నా చేతిలో పెట్టింది.

"ముగ్గురం వెళ్ళకూడదు కదమ్మా," అంది.

ఇంటికొచ్చి ముందుగా పిన్నిగారి పెరట్లో తవ్వాం. జాడీలోకి నీళ్ళు దిగలేదు. నూనె పైకి తేలి ఎర్రగా ఉంది. మూత పెట్టి, వాసెన మళ్ళీ కట్టి మా వంటింట్లో అరుగు మీద పెట్టాను, దాని పక్కన రాయి.

పొద్దుటి నుంచీ వీధి వీధంతా మా గుమ్మంలోనే ఉంది. "మాణిక్యం గారూ, వచ్చే ఏడాదికి ఏ ఓడ మంచిదండీ?" అని అదే పాట. చెప్పాను. నెయ్యి సంగతి తర్వాత, ముందు చలి మిషను వయసు అడగమన్నాను. ముగ్గురే ఉంటే రాయి తీసుకెళ్ళండి, మనిషిని పిలవకండి, పిలిస్తే మనవాళ్ళు కాదనలేరు అని కూడా చెప్పాను. అందరూ తలలూపారు. మంచి మాట చెప్పారన్నారు.

ఒక్క మాట మాత్రం వాళ్ళతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను. హిమ పక్క గదిలో జారుడుబల్ల పాట పాడుకుంటోంది. రాయికి ఎవరూ బిళ్ళ ఇవ్వరు. ఇదే ఏడాది మళ్ళీ వస్తే, ఇవన్నీ తెలిసి కూడా, సున్నుండల డబ్బా పట్టుకుని నేను వెళ్ళి పిన్నిగారి తలుపే కొడతాను.